ఓసీ అంటే కులమా? 0.73 మార్కుతో డీఎస్సీ పోయింది, ఇది వివక్ష కాదా?

గోదారిగట్టు (శనివారం, రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. ఎవరినీ నొప్పించాలని కాదు, కడుపు మండి రాస్తున్నాను. ఎస్జీటీకి, అంటే చిన్న తరగతుల టీచర్ పోస్టుకి, డీఎస్సీ రాయడం ఇది మూడోసారి. టెట్ వెయిటేజీ కలిపి 81.37 వచ్చింది. మా పాత తూర్పుగోదావరి యూనిట్‌లో ఓపెన్‌లో ఆఖరి పోస్టు 82.10 దగ్గర ఆగిపోయింది. నా రూమ్మేట్ ఎస్సీ. ఒకే కోచింగ్, ఒకే మెస్సు. ఒక్క సెట్టు నోట్సే మార్చి మార్చి చదివాం. వాడికి 77 చిల్లర, ఆర్డర్ వచ్చింది. వాడు తెచ్చిన పూతరేకులు నవ్వుతూనే తిన్నాను. తర్వాత బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను.

మాకు రెండెకరాలుంది, నాన్న ఇంకో మూడెకరాలు కౌలుకు చేస్తాడు. మా తాత ఎవరినీ గుడి బయట నిలబెట్టేంత గొప్పోడేం కాదు. ఎవరో చేసిన పాపానికి నా 0.73 ఎందుకు పోవాలి? అమెరికాలో దీన్ని రివర్స్ డిస్క్రిమినేషన్ అంటారట. మన దగ్గర అలా అంటే కులగజ్జి అంటారు. నేను అడిగేది తప్పా?

కోడ్‌రాజా (రాత్రి 9:30)

తప్పేం లేదు బ్రో. మెరిట్‌కి విలువ లేని దేశం ఇది. రేపు నీ విమానం నడిపేవాడు కోటాలో వచ్చాడంటే ఎక్కుతావా? అందుకే నేను గవర్నమెంట్ జాబుల జోలికే పోలేదు. ప్రైవేట్‌లో టాలెంట్ ఉంటే చాలు.

డప్పుదరువు (రాత్రి 9:41)

వచ్చిందిరా విమానం. ఏ రిజర్వేషన్ చర్చలో చూసినా పదో నిమిషానికల్లా విమానం ల్యాండ్ అవ్వాల్సిందే. అన్నా, ఇక్కడ మాట్లాడేది ఒకటో తరగతికి అ ఆ లు దిద్దించే పోస్టు గురించి. పైగా టెట్ పాసైనవాళ్లే రాసే పరీక్ష. 77 వచ్చినోడికి అ ఆ లు రావా? ఇక టాలెంట్ ఒక్కటే చూసే ఆ ప్రైవేట్‌లో ‘ఇంటిపేరేంటి, ఏ ఊరు, వెజ్జా నాన్‌వెజ్జా’ అని ఎందుకు అడుగుతారో కూడా చెప్పు.

గోదారిగట్టు తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. ఒక్కటే అడుగుతా. నీకూ నీ రూమ్మేట్‌కీ మెస్సు ఒక్కటే సరే, ఊళ్లో ఇల్లు కూడా ఒకే వీధిలోనా?

గోదారిగట్టు (రాత్రి 9:50)

ఒకే ఊరు కాదన్నా. వాళ్లది పేట. మాది ఊళ్లోనే. నువ్వెటు లాగుతున్నావో తెలుసు. కానీ ఇంట్లో టీవీ వాళ్లకే పెద్దది.

పాతఫైలు (రాత్రి 10:35)

నేను 34 ఏళ్లు జిల్లా ఆఫీసుల్లో పనిచేశాను. అందులో సగంపైగా ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లోనే. రిటైరయ్యాక చేతులు ఊరుకోవు, అందుకే ఈ ఫోరంలో తిరుగుతుంటాను. ఎవరిది న్యాయమో తర్వాత చూద్దాం. ముందు లెక్క ఎలా నడుస్తుందో చెప్తాను. ఇక్కడ సగం కోపం లెక్క తెలియక వచ్చేదే.

రోస్టర్ రిజిస్టర్ అంటే సగం బల్ల ఆక్రమించే పొడుగు పుస్తకం. ఎడమన 1 నుంచి 100 దాకా పాయింట్లు, పక్కన కేటగిరీ, ఆ పక్కన ఆ పాయింట్‌లో వేసిన మనిషి పేరు, చేరిన తేదీ. రెండో పాయింట్ ఎస్సీ, నాలుగు బీసీ-ఏ, ఎనిమిది ఎస్టీ... నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం. నా సర్వీసు చివర్లో ఎస్సీ 15, ఎస్టీ 6, బీసీ 29 ఉండేవి. మిగిలిన 50 పాయింట్లకు ఎదురుగా ‘ఓసీ’ అని ఉండేది. తర్వాత అందులోంచే ఈడబ్ల్యూఎస్‌కి, అంటే వేరే రిజర్వేషన్ లేని కులాల్లోని పేదలకి, 10 తీశారు. తెలంగాణలో 2022లో ఎస్టీలకు 10 చేశారు. ఆంధ్రలో ఎస్సీ వర్గీకరణతో అర శాతాలు వచ్చాయి, మనిషిని సగానికి కోయలేం కాబట్టి రోస్టర్ 200 పాయింట్లకు వెళ్లింది.

ఇప్పుడు అసలు సంగతి. ఓసీ అంటే ఏంటి? పెళ్లి సంబంధాల్లో ‘మేం ఓసీలం’ అంటారు చూశారూ, అలాంటి కులం ఏదీ రిజిస్టర్‌లో లేదు. రూల్సు పుస్తకంలో ఓసీ అంటే ఓపెన్ కాంపిటీషన్. ఎవరైనా రావచ్చు. ఎస్సీ కుర్రాడికి 85 వస్తే వాడు ఓసీ పాయింట్‌లోనే కూర్చుంటాడు, ఎస్సీ పాయింట్ ఇంకో ఎస్సీ కోసం అలాగే ఉంటుంది. సుప్రీంకోర్టు 1995లో సభర్వాల్ కేసులో దీన్ని గట్టిగా చెప్పింది. నేను ఒక ఆఫీసుకి బదిలీ మీద వెళ్లేసరికి అంతకుముందున్న గుమాస్తా ఏం చేశాడంటే, మెరిట్‌లో పైనొచ్చిన ముగ్గురు ఎస్సీ, బీసీ అభ్యర్థుల్ని తెచ్చి వాళ్ల వాళ్ల కోటా పాయింట్లలో కూర్చోబెట్టాడు. ఓసీ పాయింట్లు ముగ్గురు ‘అసలు ఓసీల’కి మిగిలాయి. ఎర్ర సిరాతో కొట్టేసి మళ్లీ రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది, పై ఆఫీసుకి సంజాయిషీ రాయడానికి ఇంకో నెల. దాన్ని ఏ వివక్ష అనాలో మీరే చెప్పండి. ఎవరూ రోడ్డెక్కలేదు. ఎందుకంటే ఎవరికీ తెలియలేదు.

గోదారిగట్టూ, నీకు అబద్ధం చెప్పను. రోస్టరే లేకపోతే 81.37కి నీకు పోస్టు వచ్చేదే. నష్టపోయావు, అది నిజం. కానీ మీ యూనిట్ మెరిట్ లిస్టు మళ్లీ తెరువు. 82.10కి పైన ఓపెన్‌లో వచ్చినవాళ్ల పేర్ల ఎదురుగా కమ్యూనిటీ కాలమ్ చూసి రా.

చేనేతబిడ్డ (రాత్రి 10:52)

చూడక్కర్లేదు, నేను చెప్తాను. పోయిన డీఎస్సీలో నాకు 84 దాటింది. నాది బీసీ-బి, ఓపెన్‌లో వచ్చాను. స్కూల్లో చేరిన మొదటి రోజు స్టాఫ్ రూంలో ఒక సారు టీ ఇస్తూ అడిగిన మొదటి ప్రశ్న: ‘ఏ కోటా మేడమ్?’. ఓపెన్ అన్నాను. ‘ఓహో, అయితే లేడీస్ కోటానా?’ అన్నారు. ఆయన మార్కులు నాకంటే తక్కువని తర్వాత తెలిసింది.

కోడ్‌రాజా (రాత్రి 11:05)

ఒకరిద్దరి కథలతో సిస్టమ్ కరెక్ట్ అయిపోదు మేడమ్. 50 పాయింట్లు పుట్టుకను బట్టి పంచుతున్నారా లేదా? అది వివక్ష కాకపోతే డిక్షనరీ మార్చండి.

మోడరేటర్ (ఆదివారం, ఉదయం 7:20)

రాత్రి రెండు పోస్టులు తీసేశాం. ఒకటి కులం పేరుతో తిట్టింది, ఇంకోటి దానికి జవాబుగా తల్లిని తిట్టింది. వాదించుకోండి, ఇంట్లోవాళ్లను లాగకండి.

శాన్‌హోసే_సూరి (ఉదయం 8:15)

అమెరికా పేరొచ్చింది కాబట్టి దూరుతున్నాను. నేను ఉండేది శాంటా క్లారా కౌంటీలో. ఇదే కౌంటీ రోడ్ల శాఖలో జరిగిన గొడవ 1987లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పని ‘రోడ్ డిస్పాచర్’. ఏ లారీ ఎక్కడికెళ్లాలి, ఏ గ్యాంగు ఏ రోడ్డు మీద ఉండాలి అని పంపే ఉద్యోగం. ఇంటర్వ్యూలో పాల్ జాన్సన్‌కి 75, డయాన్ జాయిస్‌కి 73. పోస్టు ఆమెకిచ్చారు. ఎందుకంటే ఆ తరగతి నైపుణ్య పోస్టులు 238 ఉంటే ఒక్కదాంట్లో కూడా ఆడమనిషి లేదు. జాన్సన్ కోర్టుకెక్కాడు. గోదారిగట్టూ, అక్షరాలా నీ బాధే, నీది 0.73, ఆయనది 2. జడ్జీలు 6-3తో ఆయన కేసు కొట్టేశారు.

ఆ తీర్పులో నాకు గుర్తుండిపోయింది మార్కులు కాదు, ఫుట్‌నోట్‌లో ఉన్న ఒక బట్టల గొడవ. ఆమె అంతకుముందు రోడ్డు పనిలో చేరిన మొదటి ఆడమనిషి. మగవాళ్లకిచ్చే పని దుస్తులు ఆమెకివ్వలేదు. సొంత బట్టలు పాడైపోతుంటే సూపర్‌వైజర్‌ని మళ్లీ మళ్లీ అడిగింది. చివరికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే మర్నాడే వచ్చాయి. డిస్పాచర్ పోస్టుకి ఆ మార్కులు వేశాక జరిగిన రెండో ఇంటర్వ్యూ ప్యానెల్లో ఆమెతో అంతకుముందు గొడవలున్న మనిషి కూడా ఉన్నాడు. ఆ ప్యానెల్ జాన్సన్ పేరే సిఫార్సు చేసింది.

అలాగని అమెరికా మీ పక్షమని డప్పుదరువు అన్న సంబరపడక్కర్లేదు. ఇక్కడ ఇన్ని పోస్టులు ఫలానా జాతికి అని వాటా రాస్తే కోర్టులో నిలవడం కష్టం. 2023లో కాలేజీ అడ్మిషన్లలో జాతిని చూడటాన్ని కొట్టేశారు. 2025 జూన్‌లో ఏమ్స్ అనే కేసులో, ఎక్కువమంది ఉన్న వర్గానికి చెందినవాళ్లు వివక్ష అని కేసు వేస్తే అదనపు రుజువులు అడగకూడదని తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాటగా చెప్పారు. ఆ తీర్పు రాసింది నల్లజాతి మహిళా జడ్జి జాక్సన్. ప్రభుత్వ కాంట్రాక్టర్ల మీద 1965 నుంచి ఉన్న అఫర్మేటివ్ యాక్షన్ ఉత్తర్వును 2025 జనవరిలో ట్రంప్ రద్దు చేశాడు. గాలి అటు తిరిగింది.

ఒక మాట చెప్పి వెళ్తా. మా ఆఫీసులో ఎవరైనా నల్లమ్మాయి మేనేజర్ అయితే ‘డైవర్సిటీ హైర్’ అని తెలుగులో గొణుక్కునేది మనవాళ్లే. మళ్లీ హెచ్1బీల మీద తెల్లవాడు అదే టోన్‌లో మాట్లాడితే, వివక్ష అని వాట్సాప్ గ్రూపులు మోగిపోతాయి.

డప్పుదరువు (ఉదయం 8:40)

సంబరపడటం లేదు సూరన్నా. ఆ బట్టల సంగతి మాత్రం మా నాన్నకి చెప్పాను. ఆయన మున్సిపాలిటీలో చేశాడు. ‘గ్లౌజులు మాకూ అంతే’ అన్నాడు.

గోదారిగట్టు (ఉదయం 9:30)

లిస్టు చూశాను పాతఫైలు గారూ. ఓపెన్‌లో నా ముందున్నవాళ్లలో బీసీలే ఎక్కువ. ఎస్సీలూ ఉన్నారు. వాళ్ల గురించి నాకు బాధ లేదు, నాకంటే ఎక్కువ తెచ్చుకున్నారు. నా బాధ 81కి కిందున్న వాళ్ల గురించే. సూరి గారు చెప్పిన జాన్సన్‌ది కూడా అదే కదా, ఆయన ఆమెకి బట్టలివ్వకుండా ఆపలేదు కదా. ఇవ్వని సూపర్‌వైజర్ హాయిగా రిటైరై ఉంటాడు.

పాతఫైలు (ఉదయం 10:10)

ఇది మంచి ప్రశ్న, దీనికి నా దగ్గర జవాబు లేదు. మూల్యం చెల్లించేది ఎప్పుడూ గేటు దగ్గర నిలబడ్డవాడే, లోపల కూర్చున్నవాడు కాదు.

చరిత్రలో మాత్రం నీ పక్షాన ఒక కేసుంది. చంపకం దొరైరాజన్ కేసు అందరికీ తెలుసు, కాలేజీ సీట్లది. అదే రోజు, 1951 ఏప్రిల్ 9న, అదే సుప్రీంకోర్టు ఉద్యోగాల కేసు కూడా తేల్చింది. వెంకటరమణ కేసు. అప్పుడు మన జిల్లాలూ మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. 83 జిల్లా మున్సిఫ్ పోస్టుల్ని కమ్యూనల్ జీవో కింద పంచారు: హరిజనులకు 19, ముస్లింలకు 5, క్రైస్తవులకు 6, వెనుకబడిన హిందువులకు 10, బ్రాహ్మణేతరులకు 32, బ్రాహ్మణులకు 11. కూడి చూడండి, సరిగ్గా 83. ఓపెన్ అనేదే లేదు, ఇస్తరాకుల లెక్కన పంతికి ఇన్నని వడ్డించేశారు. వెంకటరమణ బ్రాహ్మణుడు, కోర్టుకెళ్లి గెలిచాడు. హరిజనులకూ వెనుకబడిన వాళ్లకూ ఇచ్చింది రాజ్యాంగంలోని 16(4) కింద చెల్లుతుంది, మిగతా వాటాలు మతాన్నీ కులాన్నీ బట్టి చేసినవి కాబట్టి చెల్లవంది కోర్టు. అంటే పుట్టుకను బట్టి పంచడం తప్పని మన కోర్టు మొదట్లోనే చెప్పింది, వెనుకబాటుకి ఇవ్వడం తప్పు కాదని కూడా అదే నోటితో చెప్పింది. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్న దాని మీదే అప్పటినుంచీ కొట్టుకుంటున్నాం.

ఏజెన్సీమాస్టారు (మధ్యాహ్నం 12:45)

సిగ్నల్ కోసం గుట్టెక్కి రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. గీత అన్నారు కదా, ఆ గీత మా నెత్తిన పడింది. నేను కోయ. జీవో 3లో వచ్చిన టీచర్ని.

తెలియనివాళ్ల కోసం: 2000 జనవరి 10న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 3 ఇచ్చింది. షెడ్యూల్డ్ ఏరియా బడుల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక ఎస్టీలకే. స్థానికులంటే 1950 జనవరి 26 నుంచి ఇక్కడే ఉంటున్న కుటుంబాల వాళ్లు. 1986లో ఇలాంటిదే ఒకటిస్తే ట్రిబ్యునల్ కొట్టేసింది, అందుకని గవర్నర్‌కి రాజ్యాంగం అయిదో షెడ్యూల్ ఇచ్చిన అధికారంతో మళ్లీ తెచ్చారు. హైకోర్టులో నిలిచింది. 2020 ఏప్రిల్ 22న, లాక్‌డౌన్ మధ్యలో, సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచ్ చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో కొట్టేసింది. నూరు శాతం కుదరదు, 50 దాటించేంత అవసరం కనిపించలేదు, ఇది ఏజెన్సీలో ఉండే ఎస్సీలకూ బీసీలకూ, బయటి ఎస్టీలకూ కూడా అన్యాయమే అంది. రెండు రాష్ట్రాలకూ కలిపి 5 లక్షల ఖర్చులు వేసింది. ఇక మీదట ఇలా చేయకూడదన్న షరతు మీద మా ఉద్యోగాలు మాత్రం ఉంచింది. అంటే నా జీతం ఒక షరతు మీద నడుస్తోంది.

ఆ జీవో ఎందుకు వచ్చిందో చెప్తాను. నేను రెండో తరగతిలో ఉండగా మా ఊరి బడికి ఒక మైదానపు మాస్టారు ఉండేవారు. చెడ్డాయనేం కాదు. పదకొండు గంటల బస్సుకి దిగి మూడింటి బస్సుకి ఎక్కేవారు. వానాకాలం వాగు పొంగితే ఆ బస్సూ లేదు, ఆయనా లేరు. ఒక రోజు నా పక్కన కూర్చున్న పిల్ల లేచి ‘ఏరు, ఏరు’ అంది. కోయలో ఏరు అంటే నీళ్లు. దాహమేస్తోందని అడిగింది. ఆయనకి ఏరంటే వాగే కదా. క్లాసు మధ్యలో వాగుకెళ్తానంటావా అని బెత్తంతో కొట్టారు. ఆ పిల్ల మర్నాటి నుంచి రాలేదు. ఇప్పుడు మా ఊళ్లోనే ఉంది, ముగ్గురు పిల్లలు, వేలిముద్ర వేస్తుంది.

కోడ్‌రాజా గారూ, ఆ మాస్టారికి మెరిట్ లేదని ఎవరూ అనరు. ఆయన ర్యాంకు చూస్తే నాకంటే పైనే ఉండి ఉంటుంది.

నూటికి నూరు ఎక్కువేనని నేనూ ఒప్పుకుంటాను, మా యూనియన్‌లో ఈ మాట అంటే తంతారు. ఏజెన్సీలో మూడు తరాల నుంచి ఉంటున్న ఎస్సీ కుటుంబాల పిల్లలు కోయ మాకంటే బాగా మాట్లాడతారు. వాళ్లకి ఒక్క పోస్టూ లేకపోవడం ఏం న్యాయం? కులం కాదు, భాష అడిగి ఉండాల్సింది. ఆ ఊరి పిల్లల మాట వచ్చినవాడికి పోస్టు అని రాసి ఉంటే అది నిలిచేదేమో. ఎవరూ అలా రాయలేదు. మావాళ్లు జీవో మళ్లీ తెమ్మని బంద్‌లు చేస్తున్నారు, సర్కార్లు చూస్తాం అంటున్నాయి.

కోడ్‌రాజా (మధ్యాహ్నం 1:20)

మాస్టారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. భాష వచ్చినవాడికే అన్నారు, అది కూడా మెరిట్టే కదా. అలా అయితే నాకు అభ్యంతరం లేదు. కానీ పట్నంలో ఐఏఎస్ కొడుక్కి ఎస్టీ కోటా ఎందుకు?

డప్పుదరువు (మధ్యాహ్నం 1:55)

ఆ ఐఏఎస్ కొడుకు విమానం తర్వాత బస్సులో వస్తాడు, అయినా ఈసారి తోసిపారేయను, ఎందుకంటే ఆ ప్రశ్న మా ఇంట్లోనూ ఉంది. నేను మాదిగని. వర్గీకరణ కోసం మా నాన్న 1990ల నుంచీ మీటింగులకి తిరిగాడు. 2000లో ఉమ్మడి రాష్ట్రం చట్టం చేస్తే 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది, ఎస్సీలంతా ఒకటే, విడదీయొద్దు అంది. ఇరవై ఏళ్ల తర్వాత, 2024 ఆగస్టు 1న, ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు విడదీయొచ్చన్నారు. ఎస్సీల 15 శాతాన్ని మూడు గ్రూపులకు పంచారు, తెలంగాణలో ఇప్పుడు 1, 9, 5. ఆంధ్రలో 1, 6.5, 7.5.

ఇప్పుడు మా మాల ఫ్రెండు నన్నే అడుగుతున్నాడు, ‘మా వాటాలోంచి కోసి మీకిచ్చారు, ఇది మాకు వివక్ష కాదా’ అని. గోదారిగట్టు పోస్టు చదువుతుంటే వాడి గొంతే వినిపించింది. వాడికి ఏం చెప్పానో నీకూ అదే చెప్పాలి, కానీ నీకు చెప్పడం తేలికైంది, వాడికి చెప్పేటప్పుడు గొంతు పట్టేసింది. చిన్నప్పట్నుంచీ ఒకే హాస్టల్లో పెరిగాం.

చేనేతబిడ్డ (మధ్యాహ్నం 2:10)

ఒక సందేహం. గోదారిగట్టు గారూ, మీకు ఎకరాలు రెండే అంటున్నారు. ఈడబ్ల్యూఎస్‌లో ఎందుకు పెట్టలేదు? ఆ పది శాతం ఎస్సీ ఎస్టీ బీసీల్లో ఎంత పేదవాళ్లున్నా వాళ్లకి రాదు, 2022లో సుప్రీంకోర్టు 3-2తో అదీ సరే అంది. మీలాంటి వాళ్లకోసమే కదా పెట్టింది.

గోదారిగట్టు (మధ్యాహ్నం 3:05)

పెట్టలేదు మేడమ్. నిజం చెప్తే నవ్వుకోకండి. నాన్న వద్దన్నాడు. ‘మనం కోటాలో అడుక్కోవాలా’ అన్నాడు. తర్వాత మనసు మార్చుకుని తహసీల్దార్ ఆఫీసుకి వెళ్లేసరికి అప్లికేషన్ల గడువు దాటిపోయింది. పోస్టు పెట్టేటప్పుడు ఈ సంగతి కావాలనే రాయలేదు.

డప్పుదరువు (మధ్యాహ్నం 3:09)

అడుక్కోవడం!! సరే, ఏమీ అనను. మోడరేటర్ చూస్తున్నాడు.

పాతఫైలు (మధ్యాహ్నం 3:40)

నాన్నగారి మాట పక్కన పెట్టు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు అయితే చాలు. ఈసారి నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకు, ముందే తీసిపెట్టుకో. పోయిన ఏడాదిది చెల్లదు, ఏ ఏడాదికి ఆ ఏడాది కొత్తది కావాలి. సర్టిఫికెట్ మీద ఇంటిపేరు, ఎస్సెస్సీ మెమో మీద ఇంటిపేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో చూసుకో. నేను ఆపిన ఫైళ్లలో సగం అక్కడే ఆగాయి. ఫారం నింపేటప్పుడు సందేహం వస్తే ఇక్కడే మెసేజ్ పెట్టు.

గోదారిగట్టు (సాయంత్రం 6:30)

అలాగే సార్. రేపు వెళ్తాను. కోపం పూర్తిగా తగ్గిందని మాత్రం అనను.

రూమ్మేట్ సోమవారం జాయినవుతున్నాడు. చింతూరు అవతల ఏదో ఊరట. సామాన్లు సర్దుతుంటే ఏజెన్సీ మాస్టారి పోస్టు చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘కోయ ఎక్కడ నేర్పుతారో అడుగు’ అన్నాడు. మాస్టారూ, వాడికి పనికొచ్చే మాటలు ఏమైనా చెప్తారా?

ఏజెన్సీమాస్టారు (రాత్రి 8:15)

ఒకటి ముందే చెప్పాను కదా, ఏరు అంటే నీళ్లు. మిగతావి పిల్లల్నే అడగమనండి, వాళ్లకి మాస్టారికి నేర్పడమంటే భలే సరదా. ఒక టార్చి లైటు, దోమతెర, వానాకాలానికి సరిపడా కిరాణా తెచ్చుకోమనండి. ఉండడానికి గది దొరక్కపోతే మా తమ్ముడి ఇల్లుంది.